కరెంటు పోయిన వేళ మన లెక్కలు ఎక్కడున్నాయి?



కొన్ని మాసములుగా మాకు వస్తున్న ఉత్తరాలలో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. మాటలు వేరైనా సంగతి ఒక్కటే. "కంప్యూటరు పాతబడి నెమ్మదిగా నడుస్తుంటే పట్నంలో షాపువారి దగ్గరకు తీసుకువెళ్ళామండి. లోపలి హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేశారు. ఇప్పుడు చాలా వేగంగా ఉంది. కాని మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇందులో దాచుకున్నవి భద్రమేనా?" అని అడుగుతున్నారు. కోనసీమ నుండి వ్రాసిన ఒక సంఘ కార్యదర్శిగారి ఉత్తరము మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసింది. వారి సంఘములోని బాప్తిస్మముల రిజిస్టరు, పెండ్లిండ్ల రిజిస్టరు, సమాధుల తోట పట్టీ అన్నీ ఇద్దరు యౌవనస్థులు రెండు వేసవి సెలవులు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించారట. ఒక సాయంత్రము కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చింది. ఆ తరువాత కంప్యూటరు తెరిస్తే, అసలు డిస్కే లేదని చెప్పిందట. "మేము ఏ రోజుకా రోజు సేవ్ చేశామండి" అని ఆయన రెండుసార్లు వ్రాశారు.

ఆయన మాట మేము నమ్ముతున్నాము. సేవ్ చేసే ఉంటారు. సేవ్ అయిందని తెర మీద కనిపించడమూ, వ్రాసినది డిస్కు లోపల నిజముగా నిలవడమూ ఒకే క్షణములో జరిగే పనులు కావు. ఆ రెంటికీ నడుమ కొంత ఎడముంటుంది. అది సెకనులో కొద్ది వంతే కావచ్చు, కొన్ని సెకన్లు కూడా కావచ్చు. ఆ ఎడములో కరెంటు పోతే ఏమవుతుందో, ఎస్‌ఎస్‌డి విషయములో అది ఎందుకు కొంచెం వేరుగా ఉంటుందో ఈ నెల చెప్పుకుందాము.

మనము టైపు చేసిన అక్షరము మొదట కంప్యూటరు పని చేసుకొనే జ్ఞాపకములో, అంటే ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకము. సేవ్ నొక్కగానే ఆ అక్షరము విండోస్ చేతికి వెళుతుంది. విండోస్ వెంటనే డిస్కుకు అందించకుండా కొంతసేపు తన దగ్గరే పోగుచేసి, ఒక్కసారిగా పంపుతుంది. చాకలి ప్రతి చొక్కాకూ రేవుకు వెళ్ళక మూట నిండాక వెళ్ళినట్టన్నమాట. డిస్కు చేతికి వచ్చాక కూడా పని పూర్తి కాదు. డిస్కులో కూడా ఒక చిన్న ర్యామ్ ఉంటుంది. అక్కడ దించుకొని "అందింది" అని జవాబు చెప్పి, వీలు చూసుకొని లోపల శాశ్వతముగా వ్రాస్తుంది. అంటే మన లెక్క మూడు గుమ్మాలు దాటితేగాని ఇంట్లోకి చేరదు. ఏ గుమ్మము దగ్గర ఉండగా కరెంటు పోయినా అది వీధిలోనే పోయినట్టు.

ఇది పాత హార్డ్ డిస్కుకూ ఉన్నదే. దానికీ లోపల చిన్న ర్యామ్ ఉంది, దానిలో ఉన్నదీ కరెంటుతోపాటు పోతుంది. కాని హార్డ్ డిస్కుకు ఒక వెసులుబాటుంది. లోపలి పళ్ళెము గిరగిర తిరుగుతుంటుంది గనుక కరెంటు పోయినా వెంటనే ఆగదు. ఆ తిరుగుడులోని బలముతోనే కొంచెం కరెంటు పుట్టించుకొని, చదివే ముల్లును పళ్ళెము మీదనుండి తీసి పక్కన పెట్టుకుంటుంది. పాతకాలపు ఇంజనీర్లు చేసిన ఈ ఏర్పాటు మాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. ఎస్‌ఎస్‌డిలో తిరిగేదేమీ లేదు. కరెంటు పోయిందంటే ఆ క్షణాననే పోయింది.

"తిరిగే భాగాలు లేవు, ఇక చెడిపోయే ప్రసక్తే లేదు" అని అమ్మేవారు చెబుతారు. అది సగము నిజము. క్రింద పడితే, కుదుపు తగిలితే హార్డ్ డిస్కు కన్నా ఇది ఎంతో గట్టిది. బస్సులో సంచిలో వేసుకొని తిరిగేవారికి ఇదే మేలు. కాని కరెంటు విషయానికి వస్తే లోపల జరిగే పని హార్డ్ డిస్కులో కన్నా చాలా చిక్కైనది. ఆ చిక్కు ఎక్కడున్నదో కొంచెం నిదానముగా చెబుతాము.

ఎస్‌ఎస్‌డిలో సమాచారము దాచేది ఫ్లాష్ మెమరీ. దీనిని కనిపెట్టినవారు జపాను దేశములో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా. 1984లో ఆయన దానిని లోకానికి తెలియజేశారు. ఇప్పుడు పెన్ డ్రైవులలోనూ, ఫోనులలోనూ, ఎస్‌ఎస్‌డిలలోనూ ఉండే నాండ్ రకము 1987లో వెలుగులోకి వచ్చింది. సమాచారము చెరిగే తీరు కెమెరా ఫ్లాషు వెలిగినట్టు ఒక్కసారిగా ఉంటుందని ఆయన సహోద్యోగి ఒకరు ఆ పేరు సూచించారు. ఆ పేరులోనే మనకు కావలసిన సంగతి ఉంది. ఇందులో ఒక్క అక్షరాన్ని విడిగా చెరపలేము. పలక మీద ఒక్క అంకె తప్పుపడితే వేలితో తుడిచి దిద్దుతాము గదా. ఫ్లాషులో ఆ అంకె దిద్దాలంటే పలకంతా కడగాలి. కొద్ది కొద్ది భాగాలుగా వ్రాయవచ్చు గాని, చెరిపేటప్పుడు మాత్రము అటువంటి వందల భాగాలున్న పెద్ద దిమ్మెను మొత్తముగా చెరపాలి.

ప్రతిసారీ పలకంతా కడగడము కుదరదు గనుక ఎస్‌ఎస్‌డి ఒక ఉపాయము చేస్తుంది. పాత అంకెను అలాగే వదిలి, కొత్త అంకెను వేరొక ఖాళీ చోట వ్రాసి, "ఫలానా లెక్క ఇకమీదట ఇక్కడ ఉన్నది" అని ఒక పట్టీలో గుర్తు పెట్టుకుంటుంది. తీరిక దొరికినప్పుడు పాతవన్నీ పోగుచేసి ఆ దిమ్మెను కడుగుతుంది. మనము ఏ పనీ చేయకుండా కంప్యూటరును ఊరకే తెరిచి ఉంచినప్పుడు కూడా లోపల ఈ సర్దుబాటు జరుగుతూనే ఉండవచ్చు. అందుచేత "నేను ఆ సమయానికి ఏమీ వ్రాయడం లేదు, కరెంటు పోతే నాకేమిటి" అని అనుకోవడానికి లేదు.

ఆ పట్టీ ఎంత ముఖ్యమో రైస్ మిల్లులను ఎరిగిన మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. గోడౌనులో వేల బస్తాలున్నాయి. ఏ వరుసలో ఏ రైతు ధాన్యమున్నదో గుమాస్తా పుస్తకములో ఉంది. పుస్తకము కాలిపోయిందనుకోండి. ఒక్క గింజ కూడా పోలేదు, అయినా ఎవరి బస్తా ఎక్కడుందో చెప్పగలవారు లేరు. ఎస్‌ఎస్‌డి తన పట్టీలో ఎక్కువ భాగాన్ని వేగము కోసము ర్యామ్‌లో పెట్టుకొని తిరుగుతుంది. అప్పుడప్పుడు ఫ్లాషులోకి నకలు దించుకుంటుంది. ఆ నకలు సరిగా దిగకముందు కరెంటు పోతే, తిరిగి కరెంటు వచ్చినప్పుడు అక్కడక్కడ వదిలిన గుర్తులను బట్టి పట్టీని మళ్ళీ కట్టుకోవాలి. మంచి డ్రైవులు ఈ పని చక్కగానే చేసుకుంటాయి. కాని కట్టుకుంటున్న నడుమ మళ్ళీ కరెంటు పోతే? మన పల్లెలలో కరెంటు ఒకసారి పోయి ఊరుకోదు గదా. వచ్చి, పోయి, కన్నుకొట్టి, మళ్ళీ వస్తుంది. మొదట చెప్పిన కార్యదర్శిగారి ఉత్తరములోని "పోయి, వచ్చి, మళ్ళీ పోయి" అన్న మాట దగ్గర మేము ఆగిపోయినది ఇందుకే.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఇది మాకు అన్నిటికన్నా విచిత్రముగా కనిపించినది. ఫ్లాషులోని ఒక్కొక్క గదిని ఒక చిన్న కుండ అనుకుందాము. అందులో పోసిన విద్యుత్తు ఎంత మట్టానికి వచ్చిందో చూసి అక్కడ వ్రాసినది ఏమిటో చదువుతారు. మొదటి రోజులలో కుండ ఖాళీయా, నిండుదా అన్న రెండే మట్టాలుండేవి. ధర తగ్గించడము కోసము అదే కుండలో నాలుగు మట్టాలు, తరువాత ఎనిమిది, ఇప్పుడు కొన్నిటిలో పదహారు మట్టాలు గుర్తించేలా చేశారు. నాలుగు మట్టాల కుండలో రెండు సంగతులు దాగి ఉంటాయి. చాలా డ్రైవులలో ఈ రెంటిని రెండు విడతలుగా పోస్తారు. మొదటి విడత ఈ రోజు వ్రాసిన లెక్కది, రెండవ విడత వచ్చే వారము వ్రాసిన మరొక లెక్కది కావచ్చు. రెండవది పోస్తుండగా కరెంటు పోతే మట్టము ఎటూ కాకుండా నడుమ నిలిచిపోతుంది. అప్పుడు కొత్త లెక్క పోవడమే కాదు, పోయిన వారము చక్కగా వ్రాసి, తీసి, చూసుకొని, సంతోషించిన లెక్క కూడా చెడిపోతుంది. ఎప్పుడో భద్రముగా చేరినది, ఎవరూ ముట్టుకోనిది, ఈ రోజు పోయిన కరెంటు వల్ల పాడవుతుంది. కొన్ని డ్రైవుల తయారీదారులు దీనిని ఎరిగి, పాతదానికి ముందుగానే ఒక నకలు తీసి పెట్టుకొనే ఏర్పాట్లు చేశారు. అన్ని డ్రైవులూ ఒక్క తీరుగా లేవు.

ఇవి ఊహలు కావు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు కలిసి దీనిని పరీక్షించి 2013లో ప్రకటించారు. అయిదు కంపెనీలు చేసిన 15 ఎస్‌ఎస్‌డిలను తీసుకున్నారు. వాటికి వెళ్ళే కరెంటును అనుకోని క్షణాలలో తెంపే పరికరమొకటి తయారుచేశారు. డ్రైవు వ్రాసుకుంటుండగా కరెంటు తెంపడము, మళ్ళీ ఇచ్చి వ్రాసినది వ్రాసినట్టు ఉందో లేదో చూడడము, ఇలా వేలసార్లు చేశారు. 15లో 13 డ్రైవులు ఏదో ఒక విధముగా తప్పిపోయాయి. కొన్నిటిలో అక్షరాలు తారుమారయ్యాయి. కొన్నిటిలో వ్రాసిన ముక్క సగమే నిలిచింది. ఎక్కువవాటిలో ముందు వ్రాసినది పోయి, వెనుక వ్రాసినది ఉండిపోయింది. అంటే జమ వ్రాయకుండా ఖర్చు వ్రాసిన పద్దులాగ అయింది. ఒక డ్రైవు తనలోని సమాచారములో మూడవ వంతుకు దగ్గరగా ఒక్క దెబ్బతో పోగొట్టుకుంది. ఇంకొకటి పూర్తిగా మూగబోయి ఏ కంప్యూటరుకూ పలకకుండా అయిపోయింది. ఆ కంపెనీల పేర్లు వారు బయటపెట్టలేదు. పెట్టి ఉంటే కొనేవారికి మేలయ్యేదని మా అభిప్రాయము. అయితే ఆ డ్రైవులు ఆ రోజులవి, తరువాత వచ్చినవాటిలో బాగుపడినవి చాలా ఉన్నాయి అన్నది కూడా న్యాయముగా చెప్పాలి.

కంపెనీ పేరుతో సహా లోకానికి తెలిసిన సంగతి ఒకటుంది. 2011లో ఇంటెల్ కంపెనీ 320 వరుస ఎస్‌ఎస్‌డిలను విడుదల చేసింది. కరెంటు పోయినా చేతిలోని పని ముగించుకోవడానికి అందులో ప్రత్యేకముగా కెపాసిటర్లు పెట్టారు. కెపాసిటరు అంటే కొద్ది కరెంటును పట్టి ఉంచే చిన్న తొట్టి వంటిది. మన సీలింగు ఫ్యానులోనూ ఒకటుంటుంది, అందరూ చూసినదే. ఇంత జాగ్రత్త పడినా ఆ సంవత్సరము నడిమికల్లా ఫిర్యాదులు వచ్చాయి. కరెంటు పోయి వచ్చిన తరువాత కొన్ని డ్రైవులు తమలో 8 మెగాబైట్లు మాత్రమే పడతాయని చెప్పసాగాయి. వందల గిగాబైట్ల గోడౌను ఒక చిన్న గూడు అయిపోయినట్టు! బస్తాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, గుమాస్తా పుస్తకమే పోయింది. అదే ఏడు ఆగస్టులో కంపెనీ డ్రైవు లోపల నడిచే ప్రోగ్రామును సవరించి విడుదల చేసింది. ఫర్మ్‌వేరు అంటారు దానిని. అప్పటికే పాడైన డ్రైవులలోని సమాచారానికి మాత్రము ఆ సవరణ వల్ల ప్రయోజనము లేకపోయింది. మంచి కంపెనీది, ఖరీదైనది, కెపాసిటర్లున్నది అని నిశ్చింతగా ఉండడానికి లేదని అప్పుడు చాలామందికి తెలిసింది.

అటువంటి కెపాసిటర్లు ఇప్పటికీ బ్యాంకులు, పెద్ద కార్యాలయాలు వాడే సర్వరు రకపు ఎస్‌ఎస్‌డిలలో సాధారణముగా ఉంటాయి. ఇండ్లకు అమ్మే రకములో చాలా వరకు ఉండవు. వాటిలో కొన్నిటి పెట్టె మీద కరెంటు రక్షణ ఉన్నదని వ్రాస్తారు. అయితే అది చాలాసార్లు ఇదివరకే లోపల చేరిన సమాచారము చెడకుండా కాపాడే ఏర్పాటు మాత్రమే. ఆ క్షణానికి చేతిలో ఉన్నదానిని అది కాపాడదు. కొనేటప్పుడు ఈ తేడా అడిగితే షాపులో కుర్రవాడు మనవైపు వింతగా చూడవచ్చు. అయినా అడగండి.

ఇంతా విని భయపడి ఎస్‌ఎస్‌డి తీసివేసి పాత డిస్కు బిగించుకోవాలా అంటే, అవసరము లేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో వ్రాసుకొని తరువాత చేస్తారు. నడుమ కరెంటు పోతే చిట్టా చూసి సరిచేసుకుంటుంది. ముఖ్యమైన లెక్కల ప్రోగ్రాములు డ్రైవుకు "నీ చేతిలో ఉన్నదంతా లోపల పెట్టిన తరువాతే జవాబు చెప్పు" అని ప్రత్యేకముగా ఆజ్ఞ ఇస్తాయి. దీనిని ఫ్లష్ అంటారు. మంచి డ్రైవు ఆ ఆజ్ఞకు నిజము చెబుతుంది. విండోస్ అమరికలలో ఈ ఫ్లష్ ఆజ్ఞలను ఆపివేసే గడి ఒకటుంది. వేగము పెరుగుతుందని ఎవరైనా కుర్రవాడు దానికి టిక్కు పెట్టబోతే పెట్టనివ్వకండి. కరెంటు నమ్మకము లేని ఊళ్ళో ఆ టిక్కు ప్రమాదము.

ఇక మన చేతిలో ఉన్న పని సంగతి. లాప్‌టాప్ వాడేవారికి దాని బ్యాటరీయే పెద్ద రక్షణ. కరెంటు పోయిన సంగతి లోపలి డ్రైవుకు తెలియను కూడా తెలియదు. కాని మేము చాలా ఇండ్లలో చూస్తున్నదేమంటే, అయిదారేండ్ల లాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయి ఉంటుంది. ఎప్పుడూ తీగ తగిలించి నడిపిస్తూ ఉంటారు. తీగ ఊడితే తెర ఆరిపోతుంది. అది లాప్‌టాప్ ఆకారములో ఉన్న డెస్క్‌టాపే. అటువంటిదానికి ముందు బ్యాటరీ మార్పించండి, మిగిలినవన్నీ తరువాత.

డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. కంప్యూటరు సప్లై పెట్టె తన దగ్గర నిలువ ఉన్న కరెంటుతో సెకనులో సుమారు అరవయ్యో వంతు సేపు మాత్రమే నిలబడగలదు. యూపీఎస్ అంతలోపల అందుకుంటుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంది గదా అంటారు కొందరు. ఫ్యాను, లైటు కోసము పెట్టిన ఇన్వర్టరు ఒక్క కన్నార్పు ఆలస్యముగా అందుకున్నా ఫ్యానుకు తెలియదు, కంప్యూటరు మాత్రము ఆగి మళ్ళీ మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ అని వ్రాసిన మీట ఒకటి ఉంటుంది. అది ఆ వైపునకు ఉన్నదో లేదో ఈ సాయంత్రమే చూడండి. యూపీఎస్‌కు లేజరు ప్రింటరు తగిలించవద్దు, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. యూపీఎస్ బ్యాటరీ కూడా మన వేసవులకు కొన్నేండ్లలోనే నీరసించిపోతుంది. నెలకొకసారి అన్ని పనులూ సేవ్ చేసి, మూసివేసి, గోడ స్విచ్చి ఆపి ఎంతసేపు నిలబడుతుందో చూసుకోవడము మంచిది. యూపీఎస్ ఉన్నది పని కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి కంప్యూటరును పద్ధతిగా మూయడానికి. ఈ సంగతి ఆఫీసులో కూర్చొనే ప్రతివారికీ చెప్పి ఉంచాలి, ముఖ్యముగా పాటల స్లైడ్లు తయారుచేసే మన యౌవనస్థులకు.

పద్ధతిగా మూసినప్పుడు కంప్యూటరు డ్రైవుతో "ఇక కరెంటు ఆపబోతున్నాము" అని ముందుగా చెబుతుంది. డ్రైవు తన పట్టీని లోపల దించుకొని సిద్ధమవుతుంది. బటను గట్టిగా నొక్కిపట్టి ఆపడము, గోడ స్విచ్చి తీయడము డ్రైవు దృష్టిలో కరెంటు పోవడమే. మీ డ్రైవు ఇప్పటివరకు ఎన్నిసార్లు చెప్పకుండా ఆగిపోయిందో చాలా ఎస్‌ఎస్‌డిలు లోపల లెక్క వ్రాసుకుంటాయి. డిస్కు ఆరోగ్యము చూపించే ఉచిత ప్రోగ్రాములలో "అన్‌సేఫ్ షట్‌డౌన్" అన్న వరుస ఎదుట ఆ అంకె ఉంటుంది. అది వందలలో ఉన్నదంటే మీ కరెంటు సంగతో, మీ ఇంట్లోవారి అలవాటో అది చెప్పకనే చెబుతోంది.

పెన్ డ్రైవు విషయములో అయితే కరెంటు పోనక్కరలేదు, మనమే తీస్తాము. అది కూడా ఫ్లాషే. పైగా పెన్ డ్రైవులు సాధారణముగా వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులలో ముందు చెప్పిన చిట్టా లేదు. ఆరాధన మొదలవుతున్నదని హడావుడిగా లాగేస్తే ఆ ఒక్క ఫైలే కాదు, మొత్తము పట్టిక చెదరవచ్చు. 2018లో వచ్చిన విండోస్ సవరణ నుండి పెన్ డ్రైవుకు వ్రాసేది వెంటనే వ్రాసేటట్టు మార్చారు. అయినా ఎజెక్ట్ చేసి తీయడానికి పట్టేది నాలుగు సెకన్లు.

నకళ్ళ సంగతి చెప్పకుండా వదలలేము. యూపీఎస్ ఉన్నా, మంచి డ్రైవైనా, ఒకే చోట ఉన్న లెక్క లేని లెక్కతో సమానమని మేము గట్టిగా అనుకుంటున్నాము. రిజిస్టర్లు, ఆస్తి కాగితాల బొమ్మలు, తాతమ్మల ఫోటోలు, సండేస్కూలు పిల్లల వీడియోలు, ఏవైనా సరే, కంప్యూటరులో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, వేరొక ఇంట్లోనో ఇంటర్నెట్ ఖాతాలోనో ఒకటి ఉండాలి. బయటి డిస్కును నకలు తీసేటప్పుడు మాత్రమే తగిలించి, తరువాత తీసివేయాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే కరెంటు పోటు వచ్చినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాను కొట్టినప్పుడు ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. అటువంటప్పుడు ఇల్లు, ఆఫీసు ఒకే గాలికి లోనవుతాయి గనుక మూడవ నకలు వేరే ఊళ్ళో ఉంటే ఇంకా మంచిది. విశాఖపట్నములోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లల దగ్గర ఉంచమనండి. ఇక కాగితపు రిజిస్టరును కంప్యూటరు వచ్చిందని అటక మీద పారవేసినవారు దయచేసి దించి దుమ్ము దులపండి. సంతకాలున్నది అదే.

నకలు తీసిన ఎస్‌ఎస్‌డిని బీరువాలో ఏండ్ల తరబడి పెట్టి మరచిపోవచ్చునా అని గుంటూరు నుండి ఒక సహోదరి అడిగారు. అది కూడా కరెంటు లేకపోవడమే, కాకపోతే నిదానముగా జరిగేది. కుండలోని మట్టము ఏండ్లు గడిచేకొద్దీ కొంచెము కొంచెము జారుతుంది, వేడికి ఇంకా త్వరగా జారుతుంది. ఈ పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ అనే సంస్థ ప్రకారము, వ్రాయవలసినంతా వ్రాసి పూర్తిగా అరిగిపోయిన ఇంటి రకపు ఎస్‌ఎస్‌డి, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరము సమాచారము నిలపాలి. సర్వరు రకమైతే 40 డిగ్రీలలో మూడు నెలలు. 2015లో ఈ అంకెలను తప్పుగా అర్థము చేసుకొని, ఎస్‌ఎస్‌డి వారము రోజులలో ఖాళీ అయిపోతుందని వార్తలు వ్రాసినవారున్నారు. అరగని కొత్త డ్రైవు అంతకన్నా ఎంతో ఎక్కువ కాలము నిలుస్తుంది. అయినా రేకుల ఇంట్లో మే నెల ఎండకు బీరువా లోపల ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. ఊరకే దాచి ఉంచడానికి ధర తక్కువైన హార్డ్ డిస్కే మేలు, దానినైనా ఆరు నెలలకొకసారి తగిలించి ఫైళ్ళు తెరిచి చూసుకోవాలి.

ఇక కార్యదర్శిగారిలాగ కరెంటు పోయి వచ్చాక డ్రైవు కనబడకపోతే ఏమి చేయాలి? మొదట, దానిని ఫార్మాట్ చేయమని విండోస్ అడిగితే ఒప్పుకోవద్దు. పదేపదే ఆపి వేయవద్దు, పట్టీ కట్టుకుంటున్న డ్రైవును అది మళ్ళీ మళ్ళీ నడుమ తెంపినట్టవుతుంది. కరెంటు నిలకడగా ఉన్న చోటుకు తీసుకువెళ్ళి, విండోస్‌లోకి వెళ్ళకుండా మొదట కనిపించే సెటప్ తెరలోనే ఉంచి, ఇరవై నిమిషములు ఏమీ ముట్టుకోకుండా వదలాలి. అక్కడ డ్రైవుకు కరెంటు అందుతుంది గాని ఎవరూ దానిని పని అడగరు. తరువాత ఆపి, కొద్దిసేపు ఆగి, మరొకసారి అలాగే చేయాలి. కొన్ని తయారీదారు సంస్థలే ఈ పద్ధతి చెబుతున్నాయి, కొన్ని డ్రైవులు దీనితో లేచి కూర్చుంటాయి. లేచినదంటే మరేమీ చేయకుండా ముందు నకలు తీసుకోండి. లేవకపోతే సమాచారము వెలికితీసే ప్రయోగశాలలు పెద్ద పట్టణాలలో ఉన్నాయి, ఖర్చు ఎక్కువే. హార్డ్ డిస్కులో చెరిపినది కూడా తరచు తిరిగి దొరుకుతుంది గాని, ఎస్‌ఎస్‌డిలో చెరిపిన చోటును డ్రైవు తానే కడిగివేస్తుంది గనుక అక్కడ ఆశ తక్కువ. డబ్బు ముందుగా కట్టమనేవారి దగ్గర కాకుండా, ముందు చూసి ఏమి వస్తుందో చెప్పి తరువాత డబ్బు అడిగేవారి దగ్గర ఇవ్వండి. డ్రైవు అప్పగించేటప్పుడు దాని మీది వరుస సంఖ్యను ఒక కాగితము మీద వ్రాసుకొని, వారి సంతకము తీసుకోండి.